గాజు మూతా, లోహపు మూతా? మెకానికల్ వాచ్‌ని వెనకవైపు చూసి కొనడం ఎలా

మెకానికల్ వాచ్ మీద లక్షలు పెట్టబోయే వాళ్ళలో చాలామంది చివరికి ఇదే అడుగుతున్నారు. వెనక గాజు ఉండి లోపలి మిషన్ కనిపించేది తీసుకోవాలా, లేక లోహంతో మూసేసి ఉన్నది తీసుకోవాలా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మూతని చూసి కొనకండి, మూత వెనక ఏముందో చూసి కొనండి. గాజు పెట్టారంటే లోపల చూడదగ్గది ఏదో ఉండాలి. లోహంతో మూశారంటే ఆ లోహం మీకు ఏదో ఒక పని చేసిపెట్టాలి, అయస్కాంతాన్ని ఆపడమో, వాచ్‌ని పల్చగా ఉంచడమో, పేరు చెక్కించుకోవడానికి చోటివ్వడమో. ఏదీ లేకపోతే ఆ డబ్బు వేరే మోడల్ మీద పెట్టండి.

కింద చెప్పే పద్ధతి కొత్త వాచ్‌కీ, సెకండ్ హ్యాండ్ వాచ్‌కీ పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం 6వ మెట్టు వదిలేయకండి, అసలు మోసాలన్నీ అక్కడే ఉన్నాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 10 రెట్లు పెద్దగా చూపే లూప్. నగల షాపుల్లో కంటికి పెట్టుకుని చూస్తారే, అదే. ఖరీదైనది అక్కర్లేదు.
- ఫోన్ టార్చ్, ఒక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ.
- ముల్లు తిరిగే మామూలు దిక్సూచి. ఫోన్‌లో యాప్ కూడా పనిచేస్తుంది కానీ ముల్లుదే నమ్మకం.
- వెర్నియర్ కాలిపర్. లేకపోతే స్కేలుతో సరిపెట్టుకోవచ్చు.
- వాచ్ పూర్తి రిఫరెన్స్ నంబరు (కంపెనీ ఒక్కో రకం వాచ్‌కి ఇచ్చే కోడ్), కంపెనీ సైట్‌లో ఆ నంబరుకి ఉన్న స్పెసిఫికేషన్ పేజీ, ఆ వాచ్ వెనకవైపు ఫోటో.

మూత తెరిచే పనిముట్లు ఈ లిస్టులో కావాలనే పెట్టలేదు. ఇంట్లో మూత తెరవొద్దు. స్క్రూ మూత అయితే రెంచి జారి గాడులు చెరిగిపోతాయి, నొక్కి మూసే రకం అయితే తెరవడం తేలికే గానీ మళ్ళీ మూసేటప్పుడు ఒత్తిడి ఒక పక్కకి పడి ముందు గాజు పగిలిన వాచీలు రిపేరు షాపులకి వస్తూనే ఉంటాయి.

1. మీ మోడల్‌కి నిజంగా రెండు మూతలూ ఉన్నాయా చూడండి

చాలామంది ఇక్కడే టైమ్ వృథా చేసుకుంటారు. ఎక్కువ వాచీలకి ఒకే రకం మూత వస్తుంది, ఎంచుకునే అవకాశమే ఉండదు. అలాంటప్పుడు ఈ చర్చంతా మోడల్‌ని ఒప్పుకోవాలా వద్దా అన్నదానికే.

రెండూ దొరికే మోడళ్ళు కొన్ని ఉన్నాయి. జర్మనీలోని గ్లాషుట్టె ఊళ్ళో తయారయ్యే నోమోస్ టాంజెంటే స్టీల్ మూతతోనూ వస్తుంది, సఫైర్ గాజు మూతతోనూ వస్తుంది. స్టీల్‌ది కాస్త పల్చగా ఉంటుంది, ధర కూడా తక్కువ. ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ అయితే 2021 నుంచి వస్తున్న 3861 మిషన్‌తో రెండు రకాలు: ముందు హెసలైట్, అంటే ఒక రకం ప్లాస్టిక్ గాజు, వెనక చంద్రుడి మీదకి వెళ్ళిన సంగతి చెక్కిన స్టీల్ మూత ఒకటి; ముందూ వెనకా సఫైర్ ఉన్నది ఇంకొకటి, దీని ధర ఎక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ రెండింటి మధ్య ఎంచుకునేటప్పుడు మీరు వెనక మూతొక్కటే ఎంచుకోవడం లేదు, ముందు గాజు కూడా మారిపోతోంది. హెసలైట్ మీద గీతలు తొందరగా పడతాయి, పాలిష్ పెడితే పోతాయి. సఫైర్ మీద గీత పడటమే కష్టం, కానీ గట్టి దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది లేదా పగులుతుంది.

ఒకే కుటుంబంలో సైజుని బట్టి మూత మారే వాచీలు కూడా ఉన్నాయి. ఐడబ్ల్యూసీ ఇంజెన్యూర్‌లో 2023లో వచ్చిన 40 మిల్లీమీటర్లది లోహపు మూతతో ఉంటుంది, 2025లో వచ్చిన 35 మిల్లీమీటర్లదానికి గాజు మూత. ఎందుకో 4వ మెట్టులో చెప్తాను. అందుకే మోడల్ పేరు చెప్పి అడగకండి, రిఫరెన్స్ నంబరు చెప్పి అడగండి.

2. వాచ్ ఎక్కడ, ఎలా పెట్టుకుంటారో రాసుకోండి

రెండు లైన్లు చాలు. రోజూ ఆఫీసుకా, పెళ్ళిళ్ళకా, బైక్ మీద తిరిగే మనిషా, ఈతకి వెళ్తారా, పనిచేసే చోట మోటార్లూ స్పీకర్లూ ఎంఆర్ఐ మిషన్లూ ఉన్నాయా, చెమట ఎక్కువ పడుతుందా, లోహం తగిలితే చర్మం దురద పెడుతుందా.

చెమట సంగతి మన దగ్గర చిన్న విషయం కాదు. విజయవాడలోనో విశాఖలోనో మే నెలలో సఫైర్ మూత చేతికి అతుక్కున్నట్టు ఉంటుంది, సాయంత్రానికి గాజు మీద జిడ్డు పొర కట్టి లోపల ఏమీ కనిపించదు, తుడుచుకుంటూ ఉండాలి. లోహపు మూతకి ఆ బాధ లేదు కానీ చెక్కిన అక్షరాల సందుల్లో మట్టీ చెమటా చేరి నల్లబడుతుంది. నికెల్ పడని వాళ్ళు మాత్రం ఇంకో విషయం చూసుకోవాలి. 316ఎల్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది. గాజు మూత అయితే స్టీల్ తగలదు కదా అనుకుంటారు, తగులుతుంది, గాజు చుట్టూ ఉన్న రింగు స్టీలే కాబట్టి. అలాంటివాళ్ళకి టైటానియం కేసు, టైటానియం మూత ఉన్న వాచే సరైనది.

3. గాజు మూత అయితే: లోపల చూడదగ్గది ఉందా పరీక్షించండి

దీనికి కాస్త సమయం పెట్టండి. షాపులో వాచ్ చేతికిచ్చి "చూడండి సార్ ఎంత బాగుందో" అంటే తల ఊపేయకండి. పట్టుచీర కొనేటప్పుడు తిరగేసి అల్లిక చూస్తాం కదా, అలాగే చూడాలి. లూప్ తీసి, టార్చ్ పక్కనుంచి వేసి, వాచ్‌ని మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఈ వరసలో చూడండి.

మొదట మిషన్ సైజు. పెద్ద కేసులో చిన్న మిషన్ పెట్టి చుట్టూ ఖాళీని ఒక లోహపు రింగుతో నింపేస్తారు. కిటికీ పెద్దగా ఉండి, లోపల మిషన్ మధ్యలో బిళ్ళలా కనిపిస్తుంటే అది ఆ కేసు కోసం తయారుచేసిన మిషన్ కాదు. అది దోషమని అనను, కానీ గాజు కోసం అదనంగా డబ్బు ఇస్తున్నారంటే ఆలోచించుకోండి.

తర్వాత రోటర్, అంటే చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి వాచ్‌కి కీ ఇచ్చే బరువు. ఆటోమేటిక్ వాచ్‌లో సగం దాకా అదే కప్పేస్తుంది. మిషన్ చూసి ఆనందించడమే మీ ఉద్దేశం అయితే చేత్తో కీ ఇచ్చే వాచ్ గానీ, చిన్న రోటర్‌ని మిషన్ లోపలే ఇమిడ్చిన మైక్రోరోటర్ వాచ్ గానీ చూడండి. నేనైతే గాజు మూత కోసం డబ్బు పెట్టేవాళ్ళకి చేత్తో కీ ఇచ్చే వాచే తీసుకోమంటాను.

మూడోది చారలు. వంతెనల్లాంటి ఆ పలకల మీద అలల్లా కనిపించే చారల్ని జెనీవా చారలు అంటారు. వాచ్ వంచితే వెలుగు ఒక చార మీంచి ఇంకో చార మీదకి పాకాలి. పక్కపక్క పలకల మీద చారలు ఒకే వరసలో కలవాలి. అచ్చు వేసిన చారలైతే ఎటు వంచినా ఒకేలా చదునుగా ఉంటాయి.

నాలుగోది అంచులు, నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష. పలకల అంచుల్ని ఏటవాలుగా చెక్కి మెరుగు పెడతారు, టార్చ్ వెలుగులో ఆ అంచు సన్నని తీగలా మెరవాలి, మధ్యలో తెగకూడదు. రెండు అంచులు లోపలికి కలిసే మూల ఉంటుంది చూడండి, అది సూదిమొనలా పదునుగా ఉంటే చేత్తో చేశారని అర్థం. గుండ్రంగా తిరిగి ఉంటే యంత్రం పని. చేతిపని ధర చెప్పి యంత్రం పని అమ్ముతున్నారా అన్నది ఈ ఒక్క మూల చెప్పేస్తుంది.

ఇక మరలు. నీలం రంగు మరలు నిప్పు మీద సుమారు 290 నుంచి 300 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ రంగుకి తిరుగుతాయి. అలాంటివి ఒక కోణంలో దాదాపు నల్లగా, ఇంకో కోణంలో నెమలి నీలంగా కనిపిస్తాయి. రసాయనంతోనో రంగుతోనో నీలం చేసినవి ఎటు చూసినా ఒకే నీలం. అలాగే మర తలలో ఉన్న గాడి చూడండి, అంచులు చిరిగినట్టు ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు. సెకండ్ హ్యాండ్ వాచ్‌లో గాజు మూత వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే, మూత తెరవకుండానే మెకానిక్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

ఏది గొప్ప అంటే ఒక ఉదాహరణ చెప్తాను. 1999లో వచ్చిన, ఏ. లాంగె అండ్ జోనె అనే జర్మన్ కంపెనీ వాళ్ళ డేటోగ్రాఫ్ వెనకవైపు ఒకసారి చూడండి, ఫోటోలో అయినా సరే. రంగు వేయని జర్మన్ సిల్వర్ పలకలు, అంతస్తులు అంతస్తులుగా లీవర్లు, చేత్తో చెక్కిన బ్యాలెన్స్ కాక్, అంటే ఊగే చక్రాన్ని పట్టి ఉంచే పలక. ఆ చెక్కడం ఏ రెండు వాచీల్లోనూ అచ్చంగా ఒకేలా ఉండదు. అలాంటి వాచ్‌ని లోహంతో మూసేస్తే అన్యాయం. దానికి పూర్తి వ్యతిరేకంగా, వేల కొద్దీ వాచీల్లో వాడే ఈటీఏ 2824, సెలిటా ఎస్‌డబ్ల్యూ200 లాంటి మిషన్లు మామూలు గ్రేడ్‌లో ఉన్నాయనుకోండి. నమ్మకంగా పనిచేస్తాయి, రిపేరు సులువు, ఎవరైనా బాగుచేస్తారు. కానీ చూడ్డానికి ఒక రోటరూ దాని మీద కంపెనీ పేరూ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. వీటికి గాజు మూత ఉన్నా లేకపోయినా నాకు ఒకటే.

గాజు వెనకున్న మిషన్ గాజు లేని మిషన్ కంటే మెరుగ్గా పనిచేస్తుందని మాత్రం అనుకోకండి. పాత స్పీడ్‌మాస్టర్లలో లోహపు మూత ఉన్న వాటికి 1861, గాజు మూత ఉన్న వాటికి 1863 అని రెండు నంబర్లు ఉండేవి. మూలం ఒకటే మిషన్. గాజు ఉన్నదానికి అలంకరణ ఎక్కువ, లోహపు మూతదానిలో క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) బ్రేక్ ముక్క డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో ఉండేది, గాజుదానిలో అదే ముక్క లోహంతో. ప్లాస్టిక్ అని వినగానే ముఖం చిట్లించకండి, ఆ ముక్క ఏ ఇబ్బందీ పెట్టకుండా దశాబ్దాలు పనిచేసింది. బయటికి కనిపిస్తుంది కాబట్టి మార్చారు, అంతే.

4. లోహపు మూత అయితే: అది చేసే పని ఏమిటో అడగండి

షాపులో సూటిగా ఇలా అడగండి: "లోపల సాఫ్ట్ ఐరన్ కేసు ఉందా?" చాలామంది లోహపు మూత ఉంటే చాలు వాచ్‌కి అయస్కాంతం అంటదని నమ్ముతారు. తప్పు. మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ మూత అయస్కాంతాన్ని పెద్దగా ఆపదు. ఆపేది లోపల మిషన్ చుట్టూ ఇంకో డబ్బాలా ఉండే సాఫ్ట్ ఐరన్. దానికి కిటికీ కోస్తే ప్రయోజనం దెబ్బతింటుంది కాబట్టి అలాంటి వాచీలకి గాజు పెట్టరు. ఐడబ్ల్యూసీ మార్క్ 20 అలాంటిదే. పైన చెప్పిన ఇంజెన్యూర్ 40కి కూడా ఆ లోపలి కవచం ఉంది, మీటరుకి 40,000 ఆంపియర్ల దాకా తట్టుకుంటుందని కంపెనీ చెప్తుంది. 35లో ఆ కవచం తీసేశారు, గాజు పెట్టారు. మామూలుగా "యాంటీమాగ్నెటిక్" అని రాసుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం అడిగేది మీటరుకి 4,800 ఆంపియర్లే అని గుర్తుపెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

గాజూ కావాలి, అయస్కాంతం భయమూ ఉండకూడదు అంటే దారి ఉంది. ఒమేగా 2013లో కవచంతో పని లేకుండా, భాగాలనే అయస్కాంతం అంటని పదార్థాలతో చేసి, 15,000 గాస్ (అయస్కాంత బలానికి ఇంకో కొలత) తట్టుకునే ఆక్వా టెర్రా తెచ్చింది, అదీ గాజు మూతతో. ఇప్పుడు మాస్టర్ క్రోనోమీటర్ అని రాసి ఉన్న ఒమేగాలన్నీ అదే బాట. సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ (టైమ్‌ని నడిపించే సన్నని స్ప్రింగ్) అని స్పెసిఫికేషన్‌లో ఉందేమో చూడండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

మందం కూడా కొలవండి. గాజు పట్టి ఉంచడానికి రింగు, గాజు మందం, రోటర్ తగలకుండా ఖాళీ, ఇవన్నీ కలిసి వాచ్ కాస్త ఎత్తు పెరుగుతుంది. కాగితం మీద చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ చొక్కా కఫ్ కిందకి దూరుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. మణికట్టు సన్నగా ఉన్నవాళ్ళు గాజు ఉబ్బెత్తుగా ఉందేమో వేలితో తడిమి చూడండి, ఉబ్బెత్తు మూత మీద వాచ్ కూర్చోక అటూ ఇటూ జారుతుంది.

5. నీళ్ళ విషయం

"గాజు మూత ఉంటే నీళ్ళు పోతాయి కదా?" అనే ప్రశ్నకి జవాబు క్లుప్తంగా: పోవు. ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం 2018 నుంచి గాజు మూతతోనే వస్తోంది, 300 మీటర్లు తట్టుకుంటుంది. మరీ లోతుల కోసం చేసిన వాచీలు మాత్రం లోహాన్నే నమ్ముకుంటాయి, 3,900 మీటర్ల రోలెక్స్ డీప్‌సీకి వెనక టైటానియం మూత. మీరూ నేనూ అంత లోతుకి వెళ్ళం. నీళ్ళని ఆపేది మూతా కేసూ కలిసే చోట ఉన్న రబ్బరు రింగు, అంటే వాషర్. అది ఎండిపోతే ఏ మూతా కాపాడదు. వాచ్ ఎప్పుడు తెరిచినా వాషర్ మార్చి ప్రెషర్ టెస్ట్ చేయించండి, టెస్ట్ ఎంత ప్రెషర్ దగ్గర చేశారో బిల్లు మీద రాయించుకోండి. క్రౌన్, అంటే పక్కన టైమ్ సరిచేసే బొత్తాం, బిగించకుండా నీళ్ళలోకి దిగితే మాత్రం మూత గురించి మాట్లాడుకుని లాభం లేదు.

6. సెకండ్ హ్యాండ్ అయితే: ఆ మూత కంపెనీదేనా?

ఇక్కడ తొందరపడొద్దు. అమ్మేవాళ్ళు ఫోటోల్లో గాజు మూతని గొప్పగా చూపిస్తారు, ఎందుకంటే కదిలే చక్రాలు చూడగానే కొనేవాడి మనసు లాగేస్తుంది. అసలు ఆ మోడల్‌కి గాజు మూత వస్తుందా అన్నది ముందు తేల్చండి.

రోలెక్స్‌తో మొదలుపెడదాం, మోసం అక్కడే ఎక్కువ. సబ్‌మెరైనర్ వెనక గాజు ఉంటే ఇక చూడనక్కర్లేదు, అది నకిలీ అయినా అయ్యుండాలి, ఎవరో మూత మార్చిందైనా అయ్యుండాలి. కంపెనీ సబ్‌మెరైనర్‌ని గాజు మూతతో ఎప్పుడూ అమ్మలేదు. దాని మూత నున్నగా, చుట్టూ గాడులతో, పైన బొమ్మలూ రాతలూ లేకుండా ఉంటుంది, వెనక పెద్ద కిరీటం బొమ్మ చెక్కి ఉంటే అది కూడా అనుమానించాల్సిందే. అలాగని రోలెక్స్‌లో గాజు మూతే లేదని వాదించేవాళ్ళ మాటా నమ్మకండి. 2005లో వచ్చిన చెల్లినీ ప్రిన్స్‌కి ఉంది, 2023లో వచ్చిన పర్పెచ్యువల్ 1908కి ఉంది, అదే ఏడాది ప్లాటినం డేటోనాకీ పెట్టారు, 2025లో ల్యాండ్ డ్వెల్లర్‌కీ ఉంది. అందుకే బ్రాండ్‌ని బట్టి కాదు, రిఫరెన్స్‌ని బట్టి తేల్చాలి.

పాత మోడల్, కొత్త మోడల్ కలిపేసుకోకండి. ఆడెమార్ పిగే రాయల్ ఓక్ 1972లో వచ్చినప్పుడు వెనక లోహమే. పాటెక్ ఫిలిప్ నాటిలస్ 1976లో వచ్చినదీ అంతే. అదే నాటిలస్ 2006 నాటి 5711కి గాజు మూత. డెబ్బైల నాటిదని చెప్పి గాజు మూత చూపిస్తే ఆగి అడగండి. ఇటు మన హెచ్ఎంటీ జనతాకి కూడా ఇదే వర్తిస్తుంది, జనతాకి స్టీల్ మూతే. ఆన్‌లైన్‌లో గాజు మూత జనతా కనిపిస్తే అది తర్వాత బిగించిందే. ముచ్చటపడి కొనుక్కుంటే కొనుక్కోండి, ఒరిజినల్ ధర మాత్రం పెట్టకండి.

ఇక చేతిలోకి తీసుకుని:

- మూత అంచు దగ్గర గాడుల్ని లూప్‌తో చూడండి. కొత్త గీతలు ఉండి, పేపర్లలో సర్వీస్ సంగతి లేకపోతే ఎవరు తెరిచారో అడగండి.
- మూతకీ కేసుకీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక పక్క ఎత్తుగా ఉంటే మర సరిగ్గా పట్టలేదు.
- మూత మీది రాతలో ఉన్న రిఫరెన్స్, సీరియల్ పేపర్లతో కలవాలి. అక్షరాల అంచులు శుభ్రంగా ఉండాలి.
- గాజు మూత అయితే మిషన్ మీద రాసిన నంబరు చదివి, ఆ రిఫరెన్స్‌కి కంపెనీ చెప్పిన మిషన్ నంబరుతో పోల్చండి. నకిలీల్లో అలంకరణ రోటర్ కింద చైనా మిషన్ దొరకడం మామూలే.
- గాజు లోపలివైపు ఆవిరి, నూనె మరక, క్రౌన్ కాడ దగ్గర తుప్పు రంగు ఉన్నాయా చూడండి. ఇందులో ఏది కనిపించినా ధర తగ్గించమని బేరమాడటం కాదు, వాచ్ వదిలేయడమే మంచిది. తుప్పు ఎంత లోపలికి వెళ్ళిందో గాజులోంచి తెలియదు.

లోహపు మూత ఉన్న ఖరీదైన వాచ్ అయితే, డబ్బు చేతులు మారకముందే మీరు నమ్మే వాచ్ మెకానిక్ దగ్గర అమ్మేవాడి ఎదురుగానే మూత తెరిపించి చూడండి. ఒప్పుకోకపోతే కొనకండి. తెరిచాక వాషర్, ప్రెషర్ టెస్ట్ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

7. పేరు చెక్కించాలనుకుంటే

షష్టిపూర్తికో, రిటైర్మెంట్‌కో, పెళ్ళికో ఇచ్చే వాచ్ అయితే నా ఓటు లోహపు మూతకే. ఇందులో రాజు రివర్సో. భారతదేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచ్ గాజులు పగిలిపోతుంటే, ఆడేటప్పుడు డయల్‌ని లోపలికి తిప్పేసుకునేలా 1931లో చేసిన వాచ్ అది. తిప్పితే పైకి వచ్చే నున్నటి లోహపు పలక మీద పేర్లూ చిహ్నాలూ చెక్కించుకోవడం అప్పటినుంచీ ఉంది.

తెలుగులో చెక్కించేవాళ్ళు ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. లేజర్ మిషన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి, "లక్ష్మి" అని ఇస్తే అక్షరాలు పక్కపక్కన పొల్లులతో వస్తాయి. టైపు చేసిన అక్షరాలు పంపకండి, అక్షరాల్ని గీతలుగా మార్చిన ఫైలు పంపండి. ముందు ఒక ఇత్తడి ముక్క మీద అదే సైజులో చెక్కించి, తెలుగు బాగా చదివే ఇంకొకరికి చూపించి, వాళ్ళు తడుముకోకుండా చదివితేనే మూత మీద చెక్కనివ్వండి. సన్నని ఒత్తులు, సున్నాలు చిన్న సైజులో పూడుకుపోతాయి కాబట్టి పొడుగు వాక్యం వద్దు, పేరూ తేదీ చాలు. మూతని వాచ్‌ నుంచి విడదీసి చెక్కించాలి, వాచ్‌కి ఉండగానే కాదు. వారంటీ ఉంటే ముందు కంపెనీనే అడగండి, చాలా బ్రాండ్లు వాళ్ళే చేసిస్తారు. చెక్కించిన వాచ్‌కి అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని తెలిసే చేయండి.

గాజు మూత వాచే కావాలి, పేరు కూడా కావాలి అంటే బెల్ట్ బకిల్ మీద చెక్కించండి. గాజు చుట్టూ ఉన్న సన్నని రింగు జోలికి వెళ్ళొద్దు.

రెండూ ఒకే వాచ్‌లో కావాలనుకునే వాళ్ళకి పాటెక్ కలాట్రావా 5227 లాంటివి ఉన్నాయి, గాజు మూత మీద కీలుతో తెరుచుకునే ఇంకో లోహపు మూత. అందంగా ఉంటుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

8. కొన్నాక సరిచూసుకోవడం

మొదటి వారం రోజూ ఒకే సమయానికి ఫోన్ గడియారంతో పోల్చి ఎన్ని సెకన్లు ముందుందో వెనకుందో రాసుకోండి. సీఓఎస్‌సీ (మిషన్ల కచ్చితత్వం పరీక్షించే స్విస్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మిషన్‌కి రోజుకి -4 నుంచి +6 సెకన్లు, ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్‌కి 0 నుంచి +5, రోలెక్స్ చెప్పేది -2 నుంచి +2. వారం సగటు ఆ పరిధిలో ఉంటే నిశ్చింతగా ఉండండి.

ఒక రోజు హఠాత్తుగా నిమిషాల కొద్దీ ముందుకి పరుగెత్తితే భయపడి సర్వీస్‌కి ఇచ్చేయకండి. దిక్సూచిని బల్ల మీద పెట్టి, వాచ్‌ని దాని దగ్గరికి మెల్లగా జరపండి. ముల్లు కదిలి వాచ్ వెంట తిరుగుతుంటే అయస్కాంతం పట్టింది. స్టీల్ చైను వల్ల కూడా కొంచెం కదలొచ్చు కాబట్టి చైను పక్కకి తీసి కేసుని మాత్రమే చూపించండి. డీమాగ్నెటైజర్ ఉన్న ఏ రిపేరు షాపులోనైనా నిమిషంలో పోతుంది. ఆ తర్వాత ఫోన్ కవర్ అయస్కాంతం, బ్యాగ్ బటన్, స్పీకర్, ఇండక్షన్ స్టవ్ నుంచి వాచ్‌ని జానెడు దూరంలో ఉంచండి. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం బలం చాలా వేగంగా పడిపోతుంది, ఆ జానెడు దూరమే చాలావరకు కాపాడుతుంది.

ఏసీ గదిలోంచి ఎండలోకి వచ్చినప్పుడు గాజు బయటివైపు ఆవిరి పడితే తుడిస్తే పోతుంది, పట్టించుకోవద్దు. లోపలివైపు పడితే అదే రోజు షాపుకి తీసుకెళ్ళండి, బియ్యం డబ్బాలో పెట్టడం లాంటివి చేయకండి.

తుడవడం: గాజు మూతని మైక్రోఫైబర్ గుడ్డతో, ఊదకుండా, పొడిగా. లోహపు మూత సందుల్లో మట్టి చేరితే, వాటర్ రెసిస్టెన్స్ ఉన్న వాచ్ అయితేనే, క్రౌన్ బిగించి గోరువెచ్చని నీళ్ళతో మెత్తటి బ్రష్‌తో. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద సఫైర్ 9, వంటింటి గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ 7, కాబట్టి గట్టు మీద పెడితే గాజుకి గీత పడదు గానీ చుట్టూ రింగుకి పడుతుంది. వజ్రపు ఉంగరం పక్కన పెట్టి ఒకే పెట్టెలో దాస్తే మాత్రం గాజుకే పడుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది లోహపు మూత ఉన్న వాచ్ కొని, తర్వాత మిషన్ కనిపించాలని బయట దొరికే గాజు మూత బిగించడం. వారంటీ పోతుంది, వాషర్ కొలత సరిపోదు, రోటర్ గాజుకి రాసుకునే అవకాశం ఉంది, లోపల సాఫ్ట్ ఐరన్ ఉంటే అది తీసేయాల్సి వస్తుంది. పైగా చూపించడానికి తయారుచేయని మిషన్‌ని చూస్తూ కూర్చుంటారు. ఇప్పటికే చేసి ఉంటే అసలు మూతని పారేయకండి, జాగ్రత్తగా దాచండి, అమ్మేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మిషన్ చూడాలన్న కోరిక తీరడానికి తేలికైన దారి ఒకటుంది. కంపెనీలు సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళకి ఒకసారి సర్వీస్ చేయించమంటాయి, అప్పుడు మూత ఎలాగూ తెరుస్తారు. ముందే అడిగి పెట్టుకుంటే మెకానిక్ మంచి వెలుతురులో ఫోటోలూ వీడియో తీసిస్తాడు.

ఇంకొకటి, గాజు అనగానే సఫైర్ అనుకోవడం. తక్కువ ధర వాచీల్లో వెనక మినరల్ గాజు ఉంటుంది, ముందు సఫైర్ పెట్టి వెనక మినరల్ పెట్టినవి కూడా ఉన్నాయి. స్పెసిఫికేషన్‌లో ముందూ వెనకా రెండిటికీ ఏం రాశారో విడివిడిగా చదవండి. నీటి చుక్క వేసి అది ముత్యంలా నిలిస్తే సఫైర్ అని చెప్పే పరీక్షని నమ్మకండి, పైన కోటింగ్ ఉంటే ఫలితం తారుమారవుతుంది.

చివరగా, షాపుకి వెళ్ళినప్పుడు వాచ్‌ని చేతికి పెట్టుకుని పది నిమిషాలైనా అటూ ఇటూ తిరగండి, వెనకవైపు ఒక్కసారి కూడా చూడకుండా. అప్పటికీ నచ్చితేనే తిప్పి చూడండి. ఏ మూత అయినా చేతికి పెట్టుకున్నాక రోజంతా కింది వైపే ఉంటుంది.